ఐదు వేలసార్లు విసిరిన సూది

కుక్కర్ మూడో కూత వేసేలోపు ఇంకో పదిసార్లు విసరొచ్చు. ఆమె గబగబా భోజనాల బల్ల తుడిచి, గీతల కాగితం పరిచింది. గీతకీ గీతకీ మధ్య దూరం సూది పొడవుకి సరిగ్గా రెండింతలు. చూడకుండా విసరాలి. సూది గీత మీద పడితే నోటుపుస్తకంలో అడ్డగీత, పడకపోతే చుక్క. వేలసార్లు విసిరి, మొత్తాన్ని గీత మీద పడ్డవాటితో భాగిస్తే 'పై' విలువ 3.14159 దగ్గరికి వస్తుంది. చక్రాల్లో, గాజుల్లో ఉండాల్సిన సంఖ్య ఈ తిన్నని సూదిలోకి ఎలా దూరిందా అని పద్దెనిమిదేళ్లప్పుడు ఆమెకి ఒళ్లు పులకరించింది. ఆ సంగతి పక్క బెంచీ అబ్బాయికి చెప్పింది. చివరికి ఆ అబ్బాయినే చేసుకుంది.

ఆ అబ్బాయి ఇప్పుడు లెక్కల లెక్చరరు, పాఠ్యపుస్తకం రాస్తున్నాడు. ఆమె ఇల్లు చూసుకుంటోంది, అంటే అందరూ ఎక్కడివక్కడ పడేసినవి ఏరుతోంది. "నాకు తీరికెక్కడ? ఈ సూది ప్రయోగం నువ్వు చేసిపెట్టు" అని ఆయన అన్నరోజు, పిచ్చిది, పండగ చేసుకుంది. ఇరవై రెండేళ్ల తర్వాత ఆమె లెక్కలతో ఆయనకి పని పడింది మరి! కూర ఉడికేలోగా, బట్టలు ఆరేలోగా, నాలుగు నెలలు విసిరింది. "సూది ఎలాగూ చేతిలోనే ఉందిగా, నా జాకెట్టుకి ఆ హుక్కు కుట్టరాదూ" అనేది అత్తగారు. హుక్కూ కుట్టింది.

ఐదు వేలు పూర్తయ్యాయి. గీత మీద పడ్డవి పదహారువందల పన్నెండు. భాగిస్తే 3.10. కాస్త దూరమే, అయినా నిజం. ఆయన, వరసల పక్కన ఆమె వేసుకున్న మొత్తాల మీద వేలు వెనక్కి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"ఇదిగో! 2485 విసుర్లకి 791. అంటే 3.14159! ఇక్కడితో ఆపేసినట్టు రాసేద్దాం."

"నచ్చినచోట ఆపితే అది ప్రయోగమెలా అవుతుందండీ? మిగతా సగం ఏమైనట్టు?"

"మిగతా సగం ఎవరడిగారు? లెక్కలు నీకెప్పుడో వదిలిపోయాయిలే. వెళ్లి టీ పెట్టు."

టీ పెట్టింది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా అలాగే చూస్తూ నిలబడింది. క్లాసులో ఆమెకంటే ముందు ఆ అబ్బాయి ఏ లెక్కా తేల్చింది లేదు. ఆ సంగతి ఆయన మర్చిపోతే సరే అనుకునేది. తనూ మర్చిపోయింది, అందుకు ఏడ్చింది, చప్పుడు బయటికి రాకుండా కొళాయి విప్పుకుని. "మాది చిలకాగోరింకల కాపురం" అని ఆయన నలుగురిలో చెప్పినప్పుడల్లా లెక్క ఎక్కడ ఆపి చెబుతున్నాడో అప్పుడు తెలిసింది.

వారానికి ప్రూఫులొచ్చాయి. తప్పులు దిద్దే పనీ ఆమెదే. 'నేను స్వయంగా 2485 సార్లు విసిరాను' అని ఉంది ఆ పేజీలో. ఆమె పెన్ను మూత తీసింది.

సాయంత్రం ఆయన వస్తూనే, "ప్రూఫులు పంపేశావా?" అన్నాడు.

"పంపేశాను. ఐదు వేలనీ, 3.10 అనీ దిద్ది పంపాను."

ఆయన ముఖం మాడిపోయింది. "మతిగాని పోయిందా నీకు? 3.10 చూసి నలుగురూ నవ్వరూ?"

ఆమె మడతపెడుతున్న చొక్కా పక్కన పెట్టింది. "నవ్వితే నన్ను చూసే నవ్వుతారు లెండి. విసిరింది నేనని నా పేరు రాశాను."