మెట్ల మీది నవ్వు

అక్క పోయాక చెల్లెలు, ఆమె వేషం కట్టిన నాటకశాల ఉన్న వీధి వైపు తొంగికూడా చూడలేదు. అక్క బతికున్నప్పుడు ఆ నాటకం చూడ్డానికి ఈ వారం కాదు వచ్చే వారం అంటూ తాత్సారం చేసింది. చూద్దామనుకునేసరికి అక్క జ్వరమని పడుకుంది, వారం తిరక్కుండానే పోయింది.

చెల్లెలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. ఏడాది గడిచాక ఒకరోజు ఫ్రేము బిగించుకోవడానికి వచ్చినావిడ మాటల సందర్భంలో ఆ నాటకం ఊసెత్తింది. "ఇంకా ఆడుతోందండీ. ఆఖర్న మెట్ల మీద నవ్వుతుంది చూడండీ, ఆ నవ్వు ఇంటికొచ్చినా వదల్లేదు."

చెల్లెలి చేతిలోని మరమేకు చటుక్కున జారి బల్ల కింద పడింది. ఆ వేషం అక్కది. మెట్ల మీద నవ్వడం కూడా అక్క ఆలోచనేనని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకుందో!

ఆదివారం మధ్యాహ్నం ఆటకి వెళ్ళింది. అమ్మతో అనలేదు.

కథ ఏమంత పెద్దది కాదు. ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఒక ఇల్లాలు, చివరి అంకంలో మేడ మెట్లు దిగుతూ, సామాన్లన్నీ పోయి బోసిగా ఉన్న గదిని చూసి నవ్వుతుంది. ఆ వేషం వేసినామె పొట్టిగా, గుండ్రటి మొహంతో ఉంది. అక్కకీ ఆమెకీ ఎక్కడా పోలిక లేదు. చెల్లెలి గుండె కాస్త తేలికపడింది కూడా. ఇంతలో ఆమె మెట్ల మధ్యలో ఆగి నవ్వింది. సన్నగా మొదలైన నవ్వు పొంగుకొచ్చి, ఇక హాలంతా నిండుతుందనగా పుటుక్కున తెగిపోయింది.

చెల్లెలు కుర్చీ అంచుకి జరిగింది. అది అక్క నవ్వే. తెగడంతో సహా అక్కదే.

ఆట అయ్యాక జనం ముందు వైపు నుంచి వెళ్తుంటే తను పక్క సందులోకి తిరిగింది. నటులు బయటికొచ్చే తలుపు దగ్గర అప్పటికే నలుగురైదుగురు ఉన్నారు. ఒక లావుపాటాయన పూలగుత్తి పట్టుకుని, ఆ పూలే పడక తుమ్ముల మీద తుమ్ములు తుమ్ముతున్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరూ మెడలు చాచడం, తెర వెనక పనిచేసే ఏ వడ్రంగో బయటికొస్తే నీరుగారిపోవడం.

చివరికి ఆమె వచ్చింది. రంగు కడుక్కున్న మొహం, భుజాన సంచి. పూలగుత్తి అందుకుని, రెండు మాటలు మాట్లాడి, అందరినీ సాగనంపింది. గోడకి ఆనుకుని నిలబడ్డ చెల్లెలిని చూసి మాత్రం ఆగిపోయింది.

"మీరు... చిన్నది కదూ?" అంది. వెంటనే నాలిక కరుచుకుంది. "క్షమించండి. మీలో ఆవిడ పోలికలున్నాయి. ఆవిడ మిమ్మల్ని అలాగే అనేది."

"మా అక్కకి మీరు బాగా తెలుసా?"

"ఆవిడ రాలేని రోజున నేను ఎక్కాలని నాకూ ఆ వేషం నేర్పారు. రోజూ పక్కన నిలబడి చూసేదాన్ని. ఒక్కరోజు రాకపోతే బావుణ్ణని అనుకునేదాన్ని కూడా." గొంతు తగ్గించింది. "అలా మాత్రం కోరుకోలేదండీ."

చెల్లెలు అడగదలచుకున్నది అడిగేసింది. "ఆ నవ్వు ఎందుకు దించారు? ఎలా దించారు?"

కొత్త నటి మొహంలో రంగు మారింది. "నేను దించలేదు. మొదటి ఆటకే అసలు నవ్వకూడదని నిర్ణయించుకున్నాను. ఊరికే నిలబడి గది చూద్దామనుకున్నాను. మెట్ల మధ్యకి వచ్చేసరికి అది వచ్చేసింది. ఇప్పటికీ అంతే, ఆపుదామన్నా ఆగదు. మొన్న మా ఇంట్లో మావారు ఏదో అంటే నవ్వాను. ఆయన చేతిలో గ్లాసు వదిలేశాడు. 'ఎవరే అది?' అన్నాడు."

చెల్లెలు ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఒక్కటి చెప్పండి," అంది కొత్త నటి, ఆమె చెయ్యి పట్టుకుని. "ఎందుకలా మధ్యలో తెగిపోతుంది? ఎవరో నా నోరు మూసినట్టుంటుంది. అక్కడే నాకు భయం."

చెల్లెలికి తెలుసు. "మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఎప్పుడూ రాత్రి డ్యూటీలే. పగలు పడుకునేది. ఉన్నది ఒకటే గది. మాకేమో ఊరికే నవ్వొచ్చేది. అక్క నవ్వు పెద్దదయ్యేసరికి అరచేత్తో నోరు మూసుకునేది. పెద్దయ్యాక చెయ్యి మానేసింది గానీ, నవ్వు అక్కడికి రాగానే దానంతటదే ఆగిపోయేది."

కొత్త నటి తన అరచేతిని నోటిదాకా తెచ్చి చూసుకుంది. "అంతేనా?" అంది. "అమ్మ లేస్తుందనా?"

ఆ సాయంత్రం చెల్లెలు అమ్మ దగ్గర ఏదీ దాచలేకపోయింది. అమ్మ బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. నోరు మూసుకోవడం దగ్గరికొచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి.

"నేనెక్కడ పడుకునేదాన్నే," అంది. "పగలు నాకెప్పుడు నిద్రపట్టింది గనక! కళ్ళు మూసుకుని మీ కిలకిలలు వింటూ ఉండేదాన్ని. మంచి పట్టుమీద ఉండగా ఆపేసేవాళ్ళు. ఎందుకు ఆపేస్తారో వీళ్ళు, అనుకునేదాన్ని."

"ఒక్కసారి చెప్పకపోయావా అమ్మా?"

"చెబితే నేను మెలకువగా ఉన్నానని తెలిసి అసలు నవ్వరేమోనని." మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "వచ్చే ఆదివారం నేనూ వస్తాను."

ఆ ఆదివారం తల్లీ కూతుళ్ళు మూడో వరసలో కూర్చున్నారు. చివరి అంకం వచ్చింది. కొత్త నటి మెట్లు దిగుతూ మధ్యలో ఆగింది. నవ్వు సన్నగా మొదలై, పొంగి, తెగాల్సిన చోటికి వచ్చింది. తెగలేదు. దాటిపోయింది. హాలంతా నిండి, పైకప్పుకి తగిలి, మెల్లగా తగ్గి, మామూలు ఆడమనిషి నవ్వులా ముగిసింది. జనం చప్పట్లు మారుమోగాయి.

చెల్లెలు మాత్రం బిగుసుకుపోయింది. ఆ నవ్వు ఇక అక్కది కాదు. నోరు జారి చెప్పేసి, మిగిలిన ఆ కాస్తనీ చేజేతులా పోగొట్టుకున్నాననిపించింది. అమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

పక్క సందు తలుపు దగ్గర ఈసారి కొత్త నటే వాళ్ళకోసం వెతుక్కుంటూ వచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వెళ్ళిపోయిందమ్మా," అంది అమ్మతో. "ఇన్నాళ్ళూ ఎప్పుడు వదులుతుందా అని చూశాను. ఇవాళ మెట్ల మీద మొదటిసారి ఒంటరిగా ఉన్నట్టనిపించింది."

అమ్మ ఆమె మొహం కేసి చూసింది. "ఆ మెట్లు ఒకసారి చూపిస్తావా అమ్మాయ్?"

లోపలికి తీసుకెళ్ళింది. సన్నటి నడవ, తాళ్ళ కట్టలు, పౌడరు వాసన. జనం వైపు నుంచి మేడలా కనిపించే ఆ మెట్లు, వెనక నుంచి చూస్తే ఉత్త చెక్కలూ మేకులూ. పైన గది లేదు. ఒకరిద్దరు పట్టేంత చెక్క పలక, దాని మీద ఒక మడతకుర్చీ. తన వంతు వచ్చేదాకా అక్క అక్కడ కూర్చునేదట. ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరని చెప్పింది కొత్త నటి. "నేను నిలబడే ఉంటానమ్మా."

వాళ్ళిద్దరూ కిందే నిలబడితే, అమ్మ ఒక్కతే మోకాళ్ళ మీద చేతులూనుతూ మెట్లెక్కింది. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది. కింద దీపాలు చూసుకునే మనిషి ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వస్తున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

కాసేపటికి కింది మెట్టు కిర్రుమంది. తర్వాత దాని పైది. చెల్లెలు తిరిగి చూసింది. మెట్ల మీద ఎవరూ లేరు. కొత్త నటి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది చెక్కేనండీ," అని కేకేశాడు దీపాలాయన. "లైట్లు ఆర్పాక చల్లబడి రోజూ అలాగే అంటుంది."

అమ్మ కళ్ళు తెరవలేదు. మూడో మెట్టు కూడా చప్పుడు చేసేదాకా వింటూ కూర్చుంది. అప్పుడు లేచి, చీర సర్దుకుని, పలక అంచుకి ఒదిగి దారి ఇచ్చింది.

"కూర్చో తల్లీ," అంది మెల్లగా, కూతురి వైపు గానీ నటి వైపు గానీ చూడకుండా. "నేను మెలకువగానే ఉన్నాను."