పెట్టె పెట్టిన చిచ్చు

మా టింబుల్ ఊళ్లో ఎవరి కాపురం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఎవరింటికీ వెళ్లక్కర్లేదు. నా హోటలు కిటికీ దగ్గర కూచుంటే చాలు. పికప్పు ట్రక్కు వెళ్తున్నప్పుడు ఇంటావిడ మధ్య సీట్లో మొగుడి భుజానికి ఆనుకుని ఉంటే ఇల్లు చల్లగా ఉన్నట్టు. తలుపు వైపు జరిగి బయటికి చూస్తుంటే ఆ పూట ఆయనకు వంట లేనట్టు. అసలు ఆవిడే లేకపోతే ఆయన నేరుగా నా హోటలుకే వచ్చి గుడ్లు వేయించమంటాడు. ఇలా చూడటం పాడుబుద్ధి అని పాస్టరుగారి భార్య అంటుంది. వచ్చినప్పుడల్లా ఆవిడా ఆ కిటికీ పక్క బల్లే అడుగుతుంది.

మా చెల్లెలు నెల్డా స్కూలు బస్సు నడుపుతుంది. మొగుడు పోయి చాలా కాలమైంది. ఎల్డన్ అని, ఊరి బయట పశువుల మంద ఉన్న ఆసామి, పెళ్లే చేసుకోలేదు. దారిలో ఎవరు ఎదురైనా మా ఊళ్లో స్టీరింగు మీంచి రెండు వేళ్లు ఎత్తుతాం. ఎల్డన్‌కి ఏడాది పొడుగునా పలకరింపులన్నీ ఆ రెండు వేళ్లతోనే గడిచిపోతాయి. నోరు అన్నం తినడానికే ఇచ్చాడు దేవుడు అనుకునే రకం.

ఆదివారాలు నెల్డాని చర్చి నుంచి అతనే ఇంటికి దింపేవాడు. అతని పాత ట్రక్కులో ముందు ఒకటే పొడుగాటి సీటు. మొదట్లో మా చెల్లెలు తలుపు పక్కన కూచునేది. ఒకరోజు గ్రేవీ అనే అతని కుక్కని కిటికీ వైపు తోసి తను మధ్యకు జరిగింది. ఊరంతా చూసింది. పెళ్లెప్పుడని నన్ను అడగనివాడు లేడు. నెల్డా కూడా ఆ మాట కోసమే కాచుక్కూచుంది. ఆ మహానుభావుడి నోట్లోంచి ఊడిపడితేగా!

అంతలో ట్రక్కుల కంపెనీవాళ్లు ఊళ్లో దిగారు. ట్రక్కు రూపం మారుస్తున్నారట. ఏం కావాలో వాడేవాళ్లనే అడుగుతారట. నమూనా బండి ఒకటి ఎండాకాలమంతా నడిపి చూడమని ఎల్డన్‌కి ఇచ్చారు. పశువులకైనా మనుషులకైనా ఎదురు చెప్పనివాడు దొరికాడని ఇచ్చి ఉంటారు.

ఆ ఆదివారం చర్చి ముందు ఆ తెల్ల ఏనుగును ఆపి, నెల్డాకి తలుపు తీశాడు. ముఖం వెలిగిపోతోంది.

“చూడు నెల్డా. నీకు సొంత సీటు. చల్లగాలి సీట్లోంచే వస్తుంది.”

“మధ్యలో ఏంటిది?”

“పెట్టె. ఇందులో ఏమైనా పెట్టుకోవచ్చు.”

“మరి నేను?”

“నీ సీటు అదిగో, తలుపు పక్కన.”

వాళ్లు నా కిటికీ ముందునుంచి వెళ్లినప్పుడు ఇద్దరి మధ్యా ఒక శవపేటిక పట్టేంత దూరం ఉంది. ఆ పెట్టె మీద గ్రేవీ దర్జాగా కూచుని ఉంది. సాయంత్రానికి ఊరంతా వాళ్లిద్దరికీ చెడిందని తేల్చేసింది.

“అక్కా, మనసులో మాట నోటితో చెప్పలేక గోడ కట్టించుకుని తెచ్చాడే,” అని నెల్డా నా వంటింట్లో ముక్కు చీదింది.

“వాడికంత తెలివెక్కడిదే? ఉండు, నేను చెప్తాను.”

“చెప్పావో నీతో మాట్లాడను. వాడికే తెలియాలి.”

వాడికి తెలియాలంటే ప్రళయం రావాలి! నాకు ఒళ్లు మండిపోయింది. ఎల్డన్ కాఫీకి వచ్చినప్పుడు కప్పు బల్ల మీద ఠపీమని పెట్టేదాన్ని. “ఏమైందమ్మా ఓపల్, చెయ్యి నొప్పా?” అని అడిగాడొకసారి. ఏం చెప్పను?

ఈలోగా గార్లండ్ రంగంలోకి దిగాడు. దాణా కొట్టు ఆసామి. ఇద్దరు పెళ్లాలను సాగనంపినవాడు, మూడోదానికి సిద్ధం. తన పాత ట్రక్కులో పొడుగాటి సీటు తుడిపించి, సెంటు కూడా కొట్టాడు. నెల్డాని డాన్సుకు తీసుకెళ్లాడు. నేను కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూశాను. చెల్లెలు తలుపు పక్కనే ఉంది. అమ్మయ్య అనుకున్నాను. కానీ వారం వారం ఒక జానెడు మధ్యకు జరుగుతున్నట్టే అనిపించేది. మంచి మాటలు చెప్పేవాడి పక్కన ఎంతకాలమని బిగదీసుకుని కూచుంటుంది ఎవరైనా?

ఎండాకాలం చివర కంపెనీవాళ్లు మీటింగు పెట్టారు. ఫైరింజన్లు బయటికి తీసి వాటి షెడ్డులో కుర్చీలు వేశారు. పొగలో కాల్చిన మాంసం, బీన్సు, నేను చేసిన పీచుపండు ‘పై’ రొట్టె. కెండ్రా అని కంపెనీ అమ్మాయి, కొత్త బూట్లు వేసుకుని వచ్చింది. అడుగున ధర చీటీ ఇంకా ఊడలేదు.

“మీకేం కావాలో మొహమాటం లేకుండా చెప్పండి,” అంది.

మా ఊళ్లో ఆ మాట అనకూడదు.

“వెనక తొట్టి అంచు నా గడ్డం దాకా ఉంది,” అన్నాడొకాయన. “దాణా బస్తా వెయ్యాలంటే నిచ్చెన కావాలి.”

“నిచ్చెన నాక్కావాలి, ఎక్కడానికి,” అంది పాస్టరుగారి భార్య. “పోయినసారి మా ఆయన వెనకనుంచి తోశాడు. నలుగురూ చూశారు.”

“స్టీరింగు పక్కన ఆ గాజు పలక తీసేసి మీటలు పెట్టండి,” అన్నాడింకొకాయన. “చేతికి తొడుగులుంటే అది పలకదు. తీసేసి నొక్కితే పాటలొస్తాయి, వేడి రాదు.”

గార్లండ్ లేచి మీసం దువ్వాడు. “ముందు భాగం ఇంకా పెద్దగా ఉండాలి. ఎదురొచ్చేవాడు చూసి పక్కకు తప్పుకోవాలి.”

“నీ పొట్ట చూసి తప్పుకుంటున్నారుగా, చాలదూ?” అన్నాన్నేను. పక్కన కూచున్న నెల్డా నన్ను గిల్లింది, కానీ నవ్వింది.

చివరికి కెండ్రా ఎల్డన్ వైపు తిరిగింది. “ఎండాకాలమంతా నడిపింది మీరే. ఏం మార్చమంటారు?”

ఎల్డన్ లేచాడు. టోపీ తీసి అంచు పట్టుకుని తిప్పసాగాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. బీన్సు తినేవాళ్లు కూడా చెంచాలు ఆపారు.

“మధ్యలో పెట్టె తీసెయ్యండి.”

“అందరూ మెచ్చుకున్నది దాన్నే అండీ! అది తీసేస్తే ఆ చోట్లో ఏం పెట్టమంటారు?”

టోపీ ఇంకో చుట్టు తిరిగింది.

“నెల్డాని.”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. కెండ్రా ఏం రాసుకోవాలో తెలియక నా వైపు చూసింది.

నెల్డా లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. “నన్నెత్తి పెట్టడానికి నేనేమైనా దాణా బస్తానా? అడగాలి.”

“అడుగుతున్నా.”

“ఏమని?”

“పెళ్లి చేసుకుంటావా అని.”

“ఇన్నాళ్లూ ఏం చేశావ్?”

“ఎదురుగా చూస్తూ అనలేను నెల్డా. పక్కన కూచుంటే ఏదో ఒకరోజు అనేద్దామనుకున్నా. ఇంతలో ఈ పెట్టె వచ్చింది.”

“నువ్వే తెచ్చావు!”

“తెచ్చాను,” అని తల వంచుకున్నాడు.

“వెళ్లి పాత ట్రక్కు తీసుకురా,” అంది మా చెల్లెలు. ఊరంతా ఈలలు వేసింది. గార్లండ్ ‘పై’ రొట్టె ఇంకో ముక్క వడ్డించుకున్నాడు, పాపం.

మర్నాడు పొద్దున్న నా కిటికీ ముందునుంచి పాత ట్రక్కు వెళ్లింది. గ్రేవీ కిటికీలోంచి తల బయటపెట్టి నాలుక ఆరేసుకుంది. నేను చెయ్యి ఊపాను. ఎల్డన్ రెండు వేళ్లూ ఎత్తలేదు. ఇంత చేస్తే నాకిదా మర్యాద అని మండిపడబోయాను. అప్పుడు చూశాను, ఒక చెయ్యే స్టీరింగు మీద ఉంది, రెండోది నెల్డా భుజం చుట్టూ ఉంది.