ఉలవకట్టు తాగిన కారు

రండి, ఇట్లా దగ్గరికి జరగండి. ముచ్చట్లు కట్టిపెట్టండి, నోట్లో చుట్ట ఉన్నవాళ్లు గాలివాటు చూసుకుని వెనక కూర్చోండి. మక్తల్ కారు గుట్టెక్కిన సంగతి ఇది. నడుమ నవ్వితే నవ్వండి గానీ, అబద్ధమన్నారంటే మళ్లీ మొదటినుంచి చెప్తాను.

మక్తల్‌లో లింగస్వామికి ఒక కిరాయి కారు ఉండేది. అందులో కోస్గికి బయలుదేరిన పెళ్లికొడుకు, అక్కడ దిగేసరికి మీసం నెరిసిపోయిందని చెప్పుకునేవాళ్లు. అయినా లింగస్వామికి అదంటే ప్రాణం. అంతకంటే ప్రాణం భార్య అమృతమ్మ. పెళ్లైన నాటినుంచి ఆమె అడిగింది ఒక్కటే, మంచుకొండల్లో బదరీనాథుణ్ణి చూడాలని. ఆ ఏడు గుడిదాకా మోటారు బాట పడిందని తెలిసి, మన కార్లోనే పోదామని మాటిచ్చాడు.

అమృతమ్మ అన్న భిక్షం అడ్డం తిరిగాడు. అతను అదే యాత్రకు ఒక గుంపును రైల్లో తీసుకుపోతున్నాడు.

"బావా, నీ కారు మనూరి గుట్టెక్కితె చెల్లెను నీతోని తోలిస్త. ఎక్కకుంటె మా గుంపుల వస్తది. నువ్వు ఇంటికాడ గొడ్డుగోద చూసుకో" అన్నాడు.

లింగస్వామి సరేనని ఒప్పుకున్నాడు. మొదటిసారి మంచు చూసినప్పుడు అమృతమ్మ మొహం ఎట్లా వెలుగుతుందో, అది తాను కాక ఇంకెవరో చూడటమా?

ఆ రోజునుంచి కారుకు సేవ మొదలైంది. పాలమూరు మేస్త్రీని పిలిపించి బ్రేకులు బిగింపించాడు. వెనక్కి జారకుండా చక్రాల కింద పెట్టడానికి తుమ్మ దిమ్మెలు చెక్కించాడు. ఇంజనుకు చలి తగలకుండా ముందంతా గొంగడి కప్పి కుట్టించాడు. గొంగడి తొడిగాక కారు అచ్చం మంద కాసే తాతలాగా కనపడి, దారిన పోయే గొర్రెలు దాని వెంట పడేవి.

మేస్త్రీ ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ చలికి వట్టి నీళ్లు గడ్డకడతాయి, ఇంజను నీళ్లలో మందేదో కలపాలని. ఏం మందో చెప్పేలోపే బస్సొచ్చింది, ఎక్కిపోయాడు. అమృతమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. బరువు పనికి పోయేముందు ఎడ్లకు ఉలవలు ఉడికించి పెట్టే ఇల్లు వాళ్లది. గుట్టెక్కే రోజు పొద్దున, మొగుడు స్నానానికి పోయిన అదను చూసి, కుండెడు ఉలవకట్టు తెచ్చి ఇంజను నీళ్లలో కలిపేసింది.

ఊరంతా గుట్ట కిందికి చేరింది. అమృతమ్మ మొగుడి పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. కారు మూలుగుతూ సగందాకా ఎక్కింది. గొంగడి లోపల ఉడికిపోయిన ఇంజను మూత ఎగరగొట్టింది. తాటిచెట్టెత్తు లేచిన ఉలవకట్టు కారు మీదుగా పోయి వెనక డిక్కీని తడిపేసింది. ఆ వాసనకు కృష్ణకు అవతలి ఒడ్డున కూడా జనం విస్తళ్లు వేసుకున్నారట.

కారు ఆగిపోయింది. లింగస్వామి స్టీరింగు మీద తల వాల్చాడు.

"ఏం పోసినవే?"

"ఉల్వకట్టు. ఎడ్లకైతె ఉల్వలే పెడుదును, దీనికి నమలనీకె పండ్లు లేవు గద."

కోపం రావాలి. కానీ, తన కారుకు ఆకలేస్తుందని తలచిన మనిషి మీద కోపం ఎట్లా వస్తుంది?

అంతలో గుట్ట కింద వారం సంతలో కట్టేసిన ఎడ్లన్నీ పలుపులు తెంపుకుని వాసన వెంట ఉరికొచ్చాయి. డిక్కీని నాకబోయి మూతులతో నెట్టాయి. కారు కదిలితే వెంటపడి నాకాయి, నాకుతూ ఇంకా నెట్టాయి. రెప్పపాటులో కారు గుట్ట నెత్తిన ఉంది.

భిక్షం ఆయాసపడుతూ ఎక్కొచ్చి, ఎడ్లు నూకింది లెక్కలోకి రాదన్నాడు. అమృతమ్మ సీటు దిగలేదు. మొగుడి మొహాన పడ్డ ఉలవకట్టును కొంగుతో తుడుస్తూ అంది:

"అన్నా, నీ రైలు మంచిదే. నేను గీయనతోనే పోత. యాడ ఆగితె ఆడ పొయ్యి రాజేస్త. మంచు ఇప్పుడు చూసినా, ముసల్దాన్నైనంక చూసినా, గీయన పక్కన కూసోనే చూస్త."

భిక్షం తలపాగా విప్పి దులుపుకుని, సరే, పైలంగ పోయి రాండ్రి అన్నాడు.

తన ఎద్దును వెతుక్కుంటూ వచ్చిన మైసయ్య ఇదంతా విని, గడ్డం గోక్కుని, బాగా ఆలోచించి చెప్పాడు:

"గా మంచుకొండ ఎక్కుడు గింత కష్టమైతె, ముందుగాల దిగుడు కానియ్యుండ్రి. ఎక్కుడు మల్లొచ్చేటప్పుడు జూసుకోవచ్చు."