లోపల మడిచిన గుడ్డ

మా అమ్మకు జబ్బంటే ఏమిటో తెలియదు. వీధి వీధంతా దగ్గుతూ మంచాలెక్కినా ఆమె మాత్రం గుండ్రాయిలా కుట్టుమిషన్ ముందు కూర్చునేది. "నా జోలికి రావాలంటే జ్వరానికే భయం" అనేది.

"జ్వరానిదేముంది, నాకే భయం" అనేవాడు నాన్న. ఆయన బస్సు డ్రైవరు. ఇంట్లో స్టీరింగు మాత్రం అమ్మ చేతిలోనే ఉండేది.

ఆ వారం తల పగిలిపోతోందంది. ఒళ్ళు కాలుతున్నా మిషన్ వదల్లేదు. ఒక పొద్దున నన్ను పిలిచి, "పిడుగూ, ఆ తాళంచెవి ఇలా ఇవ్వవే, గుడ్డ కత్తిరించాలి" అంది. కత్తెర ఆమె ఒళ్ళోనే ఉంది.

"తాళంచెవితో కత్తిరించే విద్య ఎప్పుడు నేర్చావు మహారాణీ?" అని నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఎవరిదో గౌనుకు మెడ దగ్గర చెయ్యి కుట్టి, ఎక్కడ తప్పిందో తెలియక దానివైపే చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నానికి మూర్ఛ వచ్చింది.

మా ఇంట్లో కాలేజీ ముఖం చూసింది నేనొక్కదాన్నే. అందుకే ఆసుపత్రిలో నాన్న నన్ను ముందుకు నెట్టాడు. "నువ్వడుగమ్మా, చదువుకున్నదానివి."

"మెదడువాపు. వైరస్ వల్ల వచ్చింది" అంది డాక్టరమ్మ.

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "ఆవిడకి జలుబు కూడా చేయదమ్మా!"

"బలంగా ఉన్నవాళ్ళకి రాదని లేదండీ. ఇది చాలామంది ఒంట్లో ఊరికే పడుండే వైరసే. పెదవి మీద పొక్కులా వచ్చి పోతుంది. ఎప్పుడో ఎవరికో ఇలా మెదడుకెక్కుతుంది. ఎందుకో మాకూ సరిగ్గా తెలీదు. మందు మొదలుపెట్టాం."

"సరిగ్గా తినకపోవడం వల్లా? నిద్ర లేకపోవడం వల్లా?" అనడిగాను.

"ఎవరి తప్పూ లేదమ్మా."

ఆ మాట నాన్నకు ఊరటనివ్వలేదు. తప్పు ఎవరిదైనా అయితే కనీసం వాళ్ళను తిట్టుకునేవాళ్ళం.

మందు ప్రాణం నిలబెట్టింది. అమ్మకు బాగా తెలివొచ్చిన రోజు ముందుగా నాన్నను చూసింది. "ఏంటయ్యా, రాత్రికి రాత్రే జుట్టంతా నెరిసిపోయింది?"

"నీతో కాపురం మరి" అన్నాడాయన. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత నావైపు తిరిగింది. "నర్సుగారూ, మా పిడుగు బడి నుంచి వచ్చే వేళయింది. నన్నింటికి పంపించండి."

పిడుగంటే నేనే. మెదడులో జ్ఞాపకాలుండే చోటే దెబ్బతిందని డాక్టరమ్మ చెప్పింది. నేను పెరిగి పెద్దదాన్నయిన ఏళ్ళన్నీ చెరిగిపోయాయట. కొత్తవి కూడా ఎక్కువసేపు నిలవవట.

ఇంటికొచ్చాక ఉండబట్టలేక, "నేనేనమ్మా నీ పిడుగుని" అన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నా పిల్లేది? దాన్నేం చేశారు?" అంటూ ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. కాసేపటికి తను ఏడ్చిన సంగతే మరిచిపోయింది. నా చేతి మీద ఆమె వేళ్ళ గుర్తులు అప్పటికీ ఎర్రగానే ఉన్నాయి. ఆ మాట మళ్ళీ నేనెత్తలేదు.

రోజూ బడి వదిలే వేళకు ఆమె గుమ్మంలో నిలబడేది. "ఇవాళ అత్తయ్య వాళ్ళింటికెళ్ళిందిలే" అని నాన్న లోపలికి తీసుకొచ్చేవాడు. నన్ను మాత్రం 'మీరు' అనేది. ఎవరి నోట విన్నా మర్యాదగా ఉండే ఆ మాట, అమ్మ నోట వింటే చెంపదెబ్బలా తగిలేది.

చేతులు మాత్రం కుట్టుపని మరిచిపోలేదు. ఒకరోజు నేను ఒక గుడ్డ తీసుకుని వీధి తలుపులోంచి వచ్చాను.

"ఏమండీ, నాకో గౌను కుట్టిపెడతారా?"

అమ్మను 'ఏమండీ' అనడం అదే మొదలు. ఆమె మెడలో వేలాడే టేపు తీసింది. "రండి. చేతులు కాస్త ఎత్తండి." భుజం, వీపు, నడుము. సుద్దముక్క వాసన, మిషన్ నూనె వాసన. జబ్బు చేశాక అమ్మ కోపంతో కాకుండా నన్ను తాకింది అప్పుడే.

ఎవరి గౌనో మరిచిపోయినప్పుడల్లా పక్కనుండి నాన్న చెబుతూ వచ్చాడు. గౌను పూర్తయింది. చేతిలోకి తీసుకుంటే పక్క కుట్లు దళసరిగా తగిలాయి. నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ లోపలికి మడిచి ఉంది.

"ఇంత గుడ్డ లోపల ఎందుకు వదిలారండీ?"

"తర్వాత విప్పుకోవడానికండీ. ఎదిగే పిల్లకి వదలొద్దూ?"

"చెట్టంత ఉన్నాను. నేనింకెక్కడ ఎదుగుతాను?"

అమ్మ ఆ కుట్టును వేళ్ళతో తడిమింది. నన్ను చూసింది. "అవునే..." అంది.

ఆ చివరనున్న 'ఏ' నా కోసమేనేమోనని ఊపిరి బిగబట్టాను. చిన్నప్పటినుంచీ నన్ను 'ఏమే', 'రావే', 'తినవే' అని పిలిచిన 'ఏ' అది.

"మా పిడుగుకి కుట్టీ కుట్టీ చేతికి అలవాటైపోయింది. ఏమనుకోకండి. విప్పేసి మళ్ళీ కుడతా" అంది.

"వద్దండీ. ఉండనీయండి."

లోపలికెళ్ళి తొడుక్కొచ్చాను. కొలిచినట్టు సరిపోయింది. నన్ను చూసి నాన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"సరిపోయిందా అండీ?"

"భుజాల దగ్గర కాస్త బిగువుగా ఉందండీ" అన్నాను.

"అయ్యో, అలాగా! ఇలా రండి, మళ్ళీ కొలుస్తాను."

దగ్గరికెళ్ళి నిలబడ్డాను. అమ్మ చెయ్యి నా భుజం మీద పడింది. కళ్ళు మాత్రం గుమ్మం దాటి వీధిలోకి పోయాయి.

"కాస్త తొందరగా కానిద్దామండీ. మా పిల్ల వచ్చే వేళయింది."