వెనక టైరు

“అతుకు పెట్టాల్నా, కొత్తది ఏయాల్నా? ఏదో ఒకటి చెప్పమ్మా,” అన్నాడు సాయిలు, విప్పిన వెనక టైరును కుసుమకుమారి ముందు పట్టుకొని. కొత్తపేట సందులో అతని సైకిలు షాపు ముందు ఆమె చాలాసేపటి నుంచి నిలబడి ఉంది. ఇంకా తేల్చుకోలేదు.

టైరు పక్కభాగంలో వేలు దూరేంత చీలిక. మెట్రో పిల్లరు పక్కన ఎవరో మహానుభావుడు పారేసిపోయిన ఇనప చువ్వ చేసిన పని.

“పంచర్ అయితే చిటికెల చేసిస్తుంటి. గిది పక్కన చినిగింది. లోపట పాత టైర్ ముక్క పెడ్తే నడుస్తది గానీ, ఎన్ని దినాలో చెప్పలేను. మెయిన్ రోడ్డు మీద ఫట్‌మంటే పరేషాన్ అయితవ్. నా మాట ఇను, కొత్తది ఏయించుకో.”

“వద్దు నాయనా, అతుకే వేసెయ్యి. మెల్లగా తొక్కుతాలే,” అంది చివరికి.

కొత్త టైరు కొనలేనంత లేమి ఆమెకేం లేదు. కొడుకు అభిరామ్ ఆమె ఫోనులోనే డబ్బు కట్టే ఏర్పాటు చేసిపెట్టాడు. ఎంత ముందుచూపున్న వాడంటే, ఆవిడ ఎక్కడ ఏం కొన్నా ఆ కబురు తన ఫోనుకు కూడా వచ్చేలా చూసుకున్నాడు, అమ్మను ఎవరూ మోసం చెయ్యకూడదని. టైరు కొంటే తెలుస్తుంది. తెలిస్తే సైకిలు సంగతి ఇంట్లో మాటకొస్తుంది. మాటకొస్తే సైకిలు పోతుంది. అదీ ఆమె భయం. చేతిలో ఉన్న కాస్త చిల్లరిచ్చి అతుకు వేయించుకుంటే ఎవరికీ తెలియదు.

భర్త పోయాక పాలకొల్లులో ఇల్లు ఖాళీ చేసి వస్తున్నప్పుడు, “ఇదెందుకమ్మా?” అని కొడుకు అంటున్నా వినకుండా సామాన్ల లారీలో ఎక్కించుకొచ్చిన సైకిలది. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్లాక, వాళ్లకు చెప్పకుండా, ఎల్‌బీ నగర్ ఫ్లాటు నుంచి దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్టు దాకా కూరలకని తొక్కుకుంటూ వెళ్తుంది. కూరలు వంక మాత్రమే. ఆ దారిలో ఆమె ఎవరికీ అమ్మ కాదు, అత్త కాదు. ఆగాలనిపించిన చోట ఆగుతుంది, మాట కలపాలనిపించిన వాళ్లతో మాట కలుపుతుంది. తిరిగొచ్చి ఫ్లాటు తలుపు వేసుకుంటే మళ్లీ మర్నాటి దాకా నాలుగు గోడలే. ఇంట్లో ఆవిణ్ణి పల్లెత్తు మాట అనేవాళ్లు లేరు. కూర్చోబెట్టి అన్నీ అమరుస్తారు. ఆ కూర్చోబెట్టడమే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది.

అతుకు టైరుతో కొన్నాళ్లు గడిచాయి. చక్రం తిరిగినప్పుడల్లా సీటు కింద ఒక కుదుపు. బస్సు వెనక నుంచి హారను కొడితే దిగి పక్కకు నిలబడేది. అయినా మానలేదు. చివరికి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, సరిగ్గా సాయిలు చెప్పినట్టే, టైరు ఫట్‌మంది. పడలేదు గానీ బండిని ఈడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి గేటు దగ్గర, ఆ రోజు ఆఫీసు నుంచి ముందే వచ్చేసిన కోడలు భావన ఎదురైంది. ఇంకేముంది, గుట్టు రట్టయింది.

సాయంత్రం అభిరామ్ కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది, తనూ తిరిగి నాలుగు కేకలు వేసేది. వాడు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

“అమ్మా, నీకేమైనా అయితే నేను తట్టుకోగలనా? కూరలకేగా వెళ్లేది? నేను ఫోనులో నొక్కితే నువ్వు పోపు పెట్టేలోపు గుమ్మంలోకి వస్తాయి.”

కూరల వంక అక్కడితో సరి. టైరు మార్పించరా చాలు, అనాలి. ఎందుకూ అంటే, ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదురా, అని చెప్పాలి. నెత్తిన పెట్టుకుని చూసుకునే కొడుకుతో ఆ మాట అనడానికి నోరు పెగలాలి కదా! పైగా అంటే నింద కోడలి మీదికి పోతుంది. ఆ పిల్ల పాపం ఏమీ ఎరగదు. ఎవరినీ నొప్పించని కారణం ఒకటి కావాలి. మన ఇళ్లలో ఆడవాళ్లకు అలాంటి కారణం ఒకటే దొరుకుతుంది, ఒంట్లో బాగోకపోవడం.

“కూరలక్కాదురా, మోకాళ్ల కోసం. రోజూ తొక్కితేనే పట్టెయ్యకుండా ఉంటున్నాయి. డాక్టరు గారు కూడా తొక్కమన్నారు,” అనేసింది. ఏ డాక్టరూ అనలేదు.

అభిరామ్ మొహం వెలిగిపోయింది. “ముందే చెప్పొద్దూ! నేను చూసుకుంటానుగా.”

ఆ పూట ఆమె తృప్తిగా అన్నం తింది. మర్నాడు సాయిలుకు ఫోను చేసి, “మావాడే కొత్తది వేయిస్తానన్నాడోయ్,” అని చెప్పుకుంది కూడా.

“గట్లుండాలె కొడుకంటే. బండి తీస్కరా అమ్మా, మంచి టైర్ తెప్పిచ్చి పెడ్తా.”

ఆదివారం పొద్దున పెద్ద అట్టపెట్టె వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని విప్పి బాల్కనీలో బిగించారు. సీటుంది, హ్యాండిలుంది, పెడళ్లున్నాయి. చక్రాలు లేవు.

“ఇక టైర్ల గొడవే లేదమ్మా. ఎండా లేదు, వానా లేదు, బస్సులూ లేవు,” అన్నాడు అభిరామ్.

“మీ పాత సైకిలు వాచ్‌మన్ వాళ్లకి ఇచ్చేశాం అత్తయ్యా. వాళ్లావిడ ఎంత సంబరపడిందో! కొత్త టైరు వేయించుకుంటుందట,” అంది భావన.

కుసుమకుమారికి, నా సైకిలు నన్నడక్కుండా ఎలా ఇచ్చారు, అని అరవాలనిపించింది. ఇద్దరూ మెచ్చుకోలు కోసం ఆమె మొహంలోకే చూస్తున్నారు. కొంగు దోపుకుని ఎక్కి కూర్చుంది.

“మోకాళ్లకి హాయిగా ఉందా అమ్మా?”

“హాయిగానే ఉందిరా.”

పావురాలు రాకుండా కట్టిన వల కళ్లకు అడ్డంగా ఉంది. దాని కన్నాల్లోంచి కిందికి చూస్తూ తొక్కింది. వాచ్‌మన్ భార్య గేటు తీసి, సైకిలు నడిపించుకుంటూ కొత్తపేట వైపు వెళ్తోంది. కుసుమకుమారి కాళ్లు ఆగిపోయాయి.

“అప్పుడే ఆపేశావేంటమ్మా? డాక్టరు గారు రోజూ తొక్కమన్నారుగా,” అన్నాడు అభిరామ్, ఎంతో ప్రేమగా.

ఆమె మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.