బాబాయిగారి కాలేజీ

భార్య క్యారేజీ మరిచిపోయి వెళ్ళడం కొత్తేమీ కాదు. అందుకే ఆ రోజు పొయ్యి పక్కన అన్నం గిన్నెలు అలాగే కనిపించినా డ్రిల్లు మాస్టారు కంగారుపడలేదు. ఎలాగూ చేతిలో పని లేదు. చొక్కా తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని యూనివర్సిటీకి బయల్దేరాడు.

పేరుకే మాస్టారు. బడిలో పిల్లల చేత కసరత్తులు చేయించే ఉద్యోగం వదిలేసి, చదువుకునే పెళ్ళాం వెనక పరాయి దేశం వచ్చి ఏడాది దాటింది. వరసకి మేనబావ కాబట్టి ఆమె మామూలుగా బావా అనే పిలుస్తుంది. ఆటపట్టించాలనిపిస్తేనే మాస్టారూ అంటుంది. లాండ్రీ షాపు మీద రెండు గదుల్లో కాపురం. కింద బట్టలారబెట్టే యంత్రాలు తిరుగుతుంటే నేల గోరువెచ్చగా ఉండేది, ఇల్లంతా సబ్బు వాసన. అతనికి అక్కడ ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఆమె విద్యార్థిగా ఉన్నన్నాళ్ళే అతనూ ఉండొచ్చు. ఆమె పేరు యూనివర్సిటీ పట్టీలో ఉండాలి, రోజూ లాబ్‌కి వెళ్ళాలి. ఇద్దరి బతుకులూ ఆ ఒక్క కొక్కేనికే వేలాడుతున్నాయి.

లాబ్ గాజు తలుపు దగ్గర కళ్ళజోడు కుర్రాడొకడు అడ్డొచ్చాడు. వచ్చిన పని చెబితే అదోలా చూశాడు.

"ఆవిడ రావడం మానేసి చాలా రోజులైందండీ. మీకు తెలీదా?"

డ్రిల్లు మాస్టారు వాడి భుజం మీదుగా లోపలికి చూశాడు. ఒకసారి ఆమె తనను తీసుకొచ్చి, నా రాజ్యం ఇదే అంటూ ముచ్చటగా చూపించిన బల్ల అది. విత్తనాలు మొలకెత్తించే ఆమె పళ్ళేలు లేవు. ఎవరివో సీసాలు బారులు తీరి ఉన్నాయి.

"తెలుసు. సామాన్లేమైనా మిగిలాయేమోనని వచ్చాను," అన్నాడు. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు.

సాయంత్రం ఆమె ఎప్పటిలాగే వచ్చింది. బ్యాగు కుర్చీకి తగిలించి, కాళ్ళు చాపి కూర్చుంది.

"ఈ రోజు మొలకలన్నీ కుళ్ళిపోయాయి బావా. మళ్ళీ మొదట్నుంచీ నానబెట్టుకోవాలి."

"మరి భోజనం?"

"క్యాంటీన్‌లో ఏదో తిన్నాలే."

ఆమె గొంతులో తడబాటు లేదు. అతన్ని భయపెట్టింది అదే. తనతో చిన్నప్పట్నుంచీ ఆడుకున్న పిల్ల, అబద్ధమాడితే చెవులెర్రబడే పిల్ల, ఇప్పుడు లేని మొలకల గురించి నిమ్మళంగా మాట్లాడుతోంది. అతని బుర్రలోకి దూరకూడని ఆలోచన ఒకటి దూరింది. దాన్ని అక్కడే తొక్కిపెట్టి అన్నం వడ్డించాడు.

మర్నాడు ఆమె వెనకే నడిచాడు. ఆమె యూనివర్సిటీ వైపు తిరగలేదు. పెద్దాసుపత్రి మెట్లెక్కింది. రోగులు తమ వంతు కోసం కాచుకునే హాల్లో, గోడవారగా ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చేతిలో టోకెన్ లేదు. బోర్డు మీద అంకెలు మారుతుంటే అందరితో పాటు తలెత్తి చూస్తోంది.

కాసేపటికి మెడకి మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన ఒకడు వచ్చి ఆమె పక్కన చేరాడు. మన పెళ్ళిళ్ళలో వడ్డన దగ్గర నిలబడి, మొహమాటపడకండి అనే రకం మనిషి. ఆమె చెవి దగ్గర ఏదో చెప్పి, తల నిమిరి వెళ్ళిపోయాడు. డ్రిల్లు మాస్టారు ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది.

"ఎవరికి బాలేదు?" అని అడిగాడు.

ఆమె ఉలిక్కిపడలేదు. ఎప్పటికైనా వస్తాడని తెలిసినట్టే తల దించుకుంది.

"అందరూ బానే ఉన్నారు బావా. ఇక్కడైతే ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు."

అప్పుడు చెప్పింది. ఆమె చేత పరిశోధన చేయించే గైడు వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. ఈ టర్ము ముగిసేలోగా ఇంకో గైడును వెతుక్కోమన్నారు. ఎక్కని గుమ్మం లేదు, దిగని మెట్టు లేదు, ఎవరూ తీసుకోలేదు. టర్ము అయిపోతే పేరు కొట్టేస్తారు. పేరు పోతే వీసా పోతుంది.

"నువ్వు ఉద్యోగం మానుకుని వచ్చావు. నీతో ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"పెట్టుకున్న మొహంతోనే చెప్పాల్సింది. సరే, ఆ పెద్దమనిషెవరు?"

"బాబాయిగారు. అందరూ అలాగే పిలుస్తారు. నేను ఏడుస్తుంటే వచ్చి పలకరించారు. వాళ్ళదో కాలేజీ ఉందట. పేరు రాయించుకుంటే చాలు, క్లాసులకి వెళ్ళక్కర్లేదు. వీసా నిలబడుతుంది. బదులుగా ఆయన చెప్పిన చోట పని చేస్తే సరిపోతుందన్నారు." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "పాస్‌పోర్టు ఇచ్చేశాను బావా."

అతను కోప్పడదామనుకున్నాడు కానీ, కోప్పడలేదు. ఆమె చేయి పట్టుకుని లేపి, "పద, తెచ్చుకుందాం," అన్నాడు.

బాబాయిగారి కాలేజీ మూతపడ్డ దుకాణాల వెనక ఒక గోడౌను. లోపల రేకుల కప్పు కింద పాతికేళ్ళు నిండని పిల్లలు వరసగా నిలబడి అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్నారు. అందరూ మనవాళ్ళే. వీళ్ళిద్దరూ లోపలికి వస్తే ఒక్కరూ తల తిప్పలేదు. అంతమంది ఉన్న చోట టేపు చిరిగే చప్పుడు తప్ప మాట లేదు. డ్రిల్లు మాస్టారు ఎన్నో ఏళ్ళు పిల్లల మధ్య గడిపాడు. కొట్టి కూర్చోబెట్టిన పిల్లలు కూడా అంత నిశ్శబ్దంగా ఉండరని అతనికి తెలుసు.

"రండి అల్లుడుగారూ, రండి," అంటూ బాబాయి ఎదురొచ్చాడు. "టీ తాగుతారా? అమ్మాయి మీ గురించే చెబుతుంటుంది. పరుగు పందెంలో కప్పులు గెలిచారటగా."

"క్లాసులెక్కడ జరుగుతాయండీ?"

"ఇదే క్లాసు," అని నవ్వాడు. "జీవితం కంటే పెద్ద చదువేముంది? మీకూ ఒక బల్ల చూస్తాను. ఇంట్లో గిన్నెలు తోముకుంటూ ఎన్నాళ్ళు కూర్చుంటారు?"

ఆ మాట సూటిగా తగలాల్సిన చోటే తగిలింది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, డ్రిల్లు మాస్టారి మనసు ఊగింది. మళ్ళీ చేతినిండా పని. ఊరికి తిరిగి వెళ్ళి, ఏమైందిరా అని అడిగేవాళ్ళకి జవాబు చెప్పుకునే పని తప్పుతుంది. అప్పుడే చివరి బల్ల దగ్గర సన్నగా ఉన్న అమ్మాయి ఒకతె తలెత్తి అతని భార్య వైపు చూసింది. పెదవులు కదల్లేదు. తల మాత్రం అటూ ఇటూ, కనీకనిపించకుండా ఆడింది. వద్దు అని.

"మేము ఇప్పుడే విదేశీ విద్యార్థుల ఆఫీసు నుంచి వస్తున్నాం," అన్నాడు డ్రిల్లు మాస్టారు. "పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందని అడిగారు. మీ దగ్గరుందని చెప్పాం. పట్టుకుని సాయంత్రంలోగా రమ్మన్నారు."

అతను జీవితంలో ఆడిన రెండో పెద్ద అబద్ధం అది. బాబాయి నవ్వు చెరగలేదు, కళ్ళు మాత్రం ఆరిపోయాయి. బీరువా తెరిచి ఒక రేకు డబ్బా తీశాడు. దాన్నిండా పాస్‌పోర్టులే. పేకముక్కలు కలిపినట్టు కలిపి, అందులోంచి ఒకటి లాగి ఆమె చేతిలో పెట్టాడు.

"నా మీద నమ్మకం లేకపోయింది తల్లీ," అన్నాడు మెల్లగా. "మీ ఇల్లు లాండ్రీ మీదే కదూ? తలుపు గడియ సరిగా పడదని చెప్పావు. బాగు చేయించుకోండి."

దారి పొడుగునా ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆడిన అబద్ధాన్ని నిజం చేయడమొక్కటే మిగిలింది. నేరుగా ఆ ఆఫీసుకే వెళ్ళారు.

అక్కడి ఆఫీసరమ్మ ముక్కుసూటి మనిషి. అంతా విని, కంప్యూటర్లో చూసి, "పేరు ఇంకా కొట్టేయలేదు. మా అనుమతితో మీరే చదువు ఆపుకుంటున్నట్టు ఈ రోజే నమోదు చేస్తే మచ్చ పడదు. గడువులోగా దేశం వదలాలి. తర్వాత ఎక్కడ సీటొచ్చినా మళ్ళీ రావచ్చు. నెలక్రితమే వచ్చుంటే గైడును నేనే వెతికిపెట్టేదాన్ని," అంది.

ఆమె కళ్ళు తుడుచుకుని తలూపింది. ఆఫీసరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఆ గోడౌను ఎక్కడుంది? అందులో ఇంకా ఎవరెవరున్నారు?"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెబితే ఆ పిల్లల వీసాలన్నీ ఊడిపోతాయి. చెప్పకపోతే వాళ్ళు ఆ డబ్బాలోనే ఉండిపోతారు.

"చెబితే వాళ్ళని ఏం చేస్తారు?" అని ఆమె అడిగింది.

"నిజం చెప్పాలంటే, చాలామందిని పంపించేస్తాం."

ఆమె చేతిలోని పాస్‌పోర్టు వైపు చూసుకుంది. "ఇంటికి పంపిస్తారు. అంతేగా?" అని, చిరునామా చెప్పింది.

ఆ వారమంతా తలుపుకి మంచం అడ్డం పెట్టుకుని పడుకున్నారు. ఎవరూ రాలేదు. కింద యంత్రాలు ఆగినప్పుడల్లా డ్రిల్లు మాస్టారికి మెలకువ వచ్చేది. ప్రయాణానికి ముందు రోజు ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. పోలీసులు వెళ్ళేసరికి గోడౌను ఖాళీగా ఉందట. బల్లలు లేవు, పెట్టెలు లేవు, నేల కడిగి ఉంది, ఇంకా తడి ఆరలేదట. ఇరుగుపొరుగు దుకాణాలవాళ్ళు ఏమీ చూడలేదన్నారట.

ఇద్దరూ గడువులోగానే ఊరికి తిరిగొచ్చారు. ఏడాది తిరక్కుండానే ఆమెకి వేరే దేశంలో సీటొచ్చింది. వీసా ఇచ్చేచోట పాత సంగతి ఒక్క ప్రశ్నతో సరిపోయింది. డ్రిల్లు మాస్టారు ఈసారి బళ్ళో చేరి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె రోజూ ఫోన్ చేసి, లాబ్‌లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతుంది. ఒక్కోసారి మొలకలు నిజంగానే కుళ్ళిపోతాయి.

కానీ ఆఫీసరమ్మకి ఆమె రాసిన ఉత్తరాలకి జవాబు మాత్రం ఒక్కటే వచ్చింది. తలాడించిన ఆ సన్నని అమ్మాయి గురించి అడిగింది ఆమె. యూనివర్సిటీలు పేరు కొట్టేశాక కనిపించకుండా పోయిన మనవాళ్ళ పిల్లల జాబితా తీయించిందట ఆఫీసరమ్మ. ఆ పిల్లల పేర్లు ఇప్పుడు ఏ కాలేజీలోనూ లేవట. వాళ్ళు దేశం దాటినట్టు విమానాశ్రయాల్లో ఎక్కడా నమోదు కాలేదట. వాళ్ళ ఇళ్ళకి కబురు చేస్తే, పిల్లలు బాగా చదువుకుంటున్నారని తల్లిదండ్రులు సంతోషంగా చెప్పారట. నెలనెలా కాలేజీ తరఫున ఎవరో పెద్దాయన ఫోన్ చేసి, మీవాళ్ళకి పరీక్షలండీ, మాట్లాడే తీరిక లేదు, అని చెబుతున్నాడట.