టీచరమ్మ గొంతున్న డిస్కు

స్వరపేటిక మొత్తం తీసేస్తే తప్ప మనిషి దక్కదని డాక్టరు చెప్పినప్పుడు సర్వేయరు కుర్చీలోంచి లేవలేకపోయాడు. జబ్బు ఆయనది కాదు, ఆయన భార్యది. ఆవిడే లేచి, కాగితాలన్నీ సంచిలో సర్దుకుని, ఆయన చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకొచ్చింది.

మెట్ల దగ్గర ఆగి, "పోనీలెండి. ఇన్నేళ్ళూ పిల్లలకి లెక్కలు చెప్పీ చెప్పీ అరిగిపోయింది. మీకూ కాస్త చెవులకి విశ్రాంతి" అంది.

ఆయనకు నవ్వు రాలేదు. అప్పటికే ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. అయినా అది ఆవిడ గొంతే.

వీధిలో అందరికీ ఆవిడ టీచరమ్మ. ముందు గదిలో ట్యూషన్లు చెప్పేది. గడ్డిపోచంత సందు దొరికితే చాలు, మాట దూర్చేసే మనిషి. సర్వేయరు దానికి పూర్తిగా ఎదురు. రోజంతా ఎండలో స్థలాలు కొలిచి ఇంటికొస్తే ఆయన నోట్లోంచి "ఊఁ", "ఆఁ" తప్ప వచ్చేది తక్కువ. ఆ ఇంట్లో మాటల బాధ్యత మొదటి నుంచీ ఆవిడదే. ఆయన వాటా వినడం. ఆ వాటా కూడా సరిగ్గా తీసుకోవట్లేదని ఆవిడ ఫిర్యాదు.

ఆసుపత్రిలో మాటలు నేర్పే థెరపిస్టు ఒక దారి చెప్పింది. ఆపరేషన్ అయ్యేలోపల ఓపిక ఉన్నన్ని వాక్యాలు రికార్డు చేసి పెట్టుకోమంది. వాటినుంచి ఆవిడ గొంతును తయారుచేసే కంపెనీ ఒకటుందట. ఆ తర్వాత ఫోన్‌లో ఏది టైపు చేసినా అది టీచరమ్మ గొంతుతోనే పలుకుతుందట.

ఈ పని టీచరమ్మ తమ్ముడు నెత్తిన వేసుకున్నాడు. ఆరడుగుల మనిషి, జుట్టు నెరుస్తోంది, ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. ఇంట్లో మాత్రం ఇప్పటికీ బుడ్డోడే. పడకగది కిటికీకీ బీరువా తలుపులకీ దుప్పట్లు కట్టి, మైకు పెట్టి, ఫ్యాను ఆపేసి, అక్కను మధ్యలో కూర్చోబెట్టాడు. ఆవిడ చెమటలు కారుస్తూ చదివింది. థెరపిస్టు ఇచ్చిన వాక్యాలు మరీ చప్పగా ఉన్నాయని సొంతవి కలిపింది. "ఏవండీ, తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నది వాటిలో ఒకటి. దాన్ని మూడు రకాల కోపాలతో చదివింది.

ఆపరేషన్‌కి ముందు బుడ్డోడు ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆ రికార్డింగులూ మిగతా ఫైళ్ళూ అన్నీ ఒక హార్డ్ డిస్కులోకి మార్చాడు. ల్యాప్‌టాప్ మరీ నత్తనడక నడుస్తోందని దాన్ని శుభ్రంగా తుడిచేసి కొత్తగా అన్నీ ఎక్కించాడు. భద్రంగా ఉంటుందని డిస్కును బీరువాలో చీరల మధ్య పెట్టాడు. తర్వాత ఆసుపత్రి, ఆపరేషన్, మెడ కింద చిల్లు, దానికి గొట్టం, దాన్ని శుభ్రం చేయడం నేర్చుకోవడం. ఆ హడావుడిలో డిస్కు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

గాయం మానాక, రికార్డింగులు పంపమని థెరపిస్టు అడిగింది. ఆదివారం భోజనాలయ్యాక బుడ్డోడు డిస్కు తెచ్చి ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. లోపల ఏదో తిరగడం మొదలైంది. తర్వాత టక్కుమంది. మళ్ళీ టక్. మళ్ళీ టక్. ఎవరో గోటితో తలుపు కొడుతున్నట్టు.

"ఏంటది?" అన్నాడు సర్వేయరు.

బుడ్డోడు డిస్కు ఊడదీశాడు. తీగ మార్చాడు. వేరే కంప్యూటర్‌కి పెట్టాడు. అదే చప్పుడు. చివరికి తల పట్టుకుని, "లోపల చదివే ముల్లు దెబ్బతిన్నట్టుంది బావా" అన్నాడు.

సర్వేయరు గొంతులోకి కోపం వచ్చి ఆగిపోయింది. వేరే చోట ఇంకో కాపీ పెట్టలేదేంరా అని అడగాలి. కానీ ఆపరేషన్ అయ్యాక రాత్రులన్నీ ఆసుపత్రి వరండాలో బల్ల మీద ముడుచుకుని పడుకున్నవాడు ఈ బుడ్డోడే. వాడి మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు. టీచరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తమ్ముడి వీపు మీద చిన్నగా తట్టి, పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ముందు గది బల్ల చిన్న వర్క్‌షాపు అయింది. బుడ్డోడు ఆఫీసు నుంచి నేరుగా వచ్చేవాడు. ముందు ల్యాప్‌టాప్‌లో పాత ఫైళ్ళ ఆనవాళ్ళేమైనా మిగిలాయేమో వెతికాడు. తుడిచిన చోట కొత్తవి ఎక్కేశాయి, ఏమీ దొరకలేదు. డిస్కు ప్లాస్టిక్ డొప్ప ఊడదీసి లోపలి డిస్కును నేరుగా కంప్యూటర్‌కి కలిపాడు. అచ్చం అలాంటిదే పాత డిస్కు ఒకటి సంపాదించి, దాని అడుగునున్న సర్క్యూట్ బోర్డు విప్పి దీనికి బిగించాడు. దాని చిప్ కూడా మార్చాలని తెలిసి, చిప్ ఊడదీసి అతికించే చోటికి తీసుకెళ్ళి మార్పించాడు. టక్, టక్, టక్.

సర్వేయరుకు ఈ విద్య రాదు. భూమి కొలవమంటే అంగుళం తేడా లేకుండా కొలుస్తాడు. ఇక్కడ స్క్రూలు పోకుండా మూతలో వేసి పట్టుకోవడం, టార్చి వెలుగు చూపించడం, అంతే. అయినా బల్ల దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. తెలిసినవాళ్ళందరినీ అడిగాడు. ఒకాయన ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందని చెప్పాడు.

"అది పాత ముచ్చట బావా. లోపల తేమ చేరితే ఉన్నది కూడా పోతుంది. వద్దు" అన్నాడు బుడ్డోడు.

సర్వేయరు తలూపాడు. బుడ్డోడు వెళ్ళాక డిస్కును రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి గాలి లేకుండా నొక్కి ఫ్రీజర్‌లో పెట్టాడు.

పొద్దున ఐసు కోసం తలుపు తీసిన టీచరమ్మ ఆ పొట్లం పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఫోన్‌లో ఏదో టైపు చేసింది. అప్పటికి ఫోన్‌లో ఉన్నది ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి గొంతు. బస్టాండు మైకులో బస్సులు చెప్పినట్టు చెబుతుంది.

"ఏమండీ. ఇది. రాత్రికి. కూరా" అంది ఆ అమ్మాయి.

టీచరమ్మ భుజాలు కదిలాయి. నవ్వుతోందని ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది. నవ్వుకూ చప్పుడు లేదు. ఆయన పొట్లం లాక్కుని బల్ల మీద పెట్టి, దాని మీది చెమ్మ తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం డిస్కు పలికింది. టక్‌మనే చప్పుడు ఒకటి రెండుసార్లు వచ్చి ఆగి, సన్నగా తిరగసాగింది. తెర మీద దాని పేరు కనబడింది. బుడ్డోడు కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. ఫ్రిజ్ సంగతి సర్వేయరు అప్పుడు చెప్పాడు. బుడ్డోడు తిట్టబోయి మింగేశాడు. చకచకా ఒక ప్రోగ్రాం నడిపించాడు. పాడైన చోట్లు దాటేస్తూ, చదవగలిగింది చదివి వేరే డిస్కులోకి ఎక్కిస్తుందట అది. పచ్చ గీత ఒకటి చీమలా పాకడం మొదలుపెట్టింది.

ముగ్గురూ దాని ముందే కూర్చున్నారు. టీచరమ్మ కూడా చిన్న పీట తెచ్చుకుని వెనకాల కూర్చుంది. ఎవరూ దగ్గలేదు. ఫ్యాను గాలికి తీగ కదులుతుందేమోనని సర్వేయరు ఫ్యాను ఆపేశాడు.

గీత ఇంకా మొదట్లోనే ఉండగా డిస్కు గొంతు మారింది. తిరిగే చప్పుడులో సన్నటి గీర ఒకటి కలిసింది, పలక మీద బలపం జారినట్టు.

"ఆపెయ్యనా బావా?" అన్నాడు బుడ్డోడు. వేలు మీట మీదే ఉంది. "ఆపి ల్యాబ్‌కి పంపిస్తే వాళ్ళేమైనా చేస్తారేమో. కానీ ఒకసారి ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం నాకు లేదు."

"ఆపకపోతే?"

"వచ్చినంత వస్తుంది. లోపల గీసుకుంటోందంటే మాత్రం, నడిచేకొద్దీ చెరిపేస్తుంది."

సర్వేయరు భార్య వైపు తిరిగాడు. ఇలాంటప్పుడు ఆయన ఎప్పుడూ ఆవిడ వైపే తిరిగేవాడు. ఇల్లు కొనాలన్నా, మంచం ఏ గోడకు వెయ్యాలన్నా ఆవిడ చెప్పేది, ఆయన ఊఁ అనేవాడు. ఆవిడ రెండు చేతులూ కొంచెం పైకెత్తి వదిలేసింది. మీ ఇష్టం.

"నడవనీ" అన్నాడు ఆయన.

కాసేపు నడిచింది. తర్వాత గీర పెరిగి, కీచుమని అరిచి, డిస్కు నిలిచిపోయింది. పచ్చ గీత ఉన్నచోటే ఉండిపోయింది. మళ్ళీ ఎంత ప్రయత్నించినా దాని నుంచి చప్పుడన్నది రాలేదు. టక్‌మని కూడా అనలేదు.

మర్నాడే ల్యాబ్‌కి పంపారు. వాళ్ళు ఫోన్ చేస్తారని సర్వేయరు స్థలాల దగ్గర కొలత గొలుసు లాగుతూ కూడా ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. చివరికి చేశారు. లోపలి పళ్ళెం మీద పూత లేచిపోయిందట, అంతా పొడి పొడిగా ఉందట. ఇక చదవడానికి అక్కడ ఏమీ లేదట.

"మీరు ఇంట్లో ఏమన్నా ప్రయత్నించారా సార్?" అని అడిగాడు అవతలి మనిషి.

సర్వేయరు అంతా చెప్పాడు. బోర్డు, ఫ్రిజ్, ఆపకుండా నడిపించడం. చెబుతుంటే తన మాటలు తనకే చెవుల్లో మోగాయి.

"మరి అలా చెయ్యకపోతే వచ్చేదా?"

"చెప్పలేం సార్. వచ్చి ఉండొచ్చు. రాకపోయీ ఉండొచ్చు."

ఆ మాట మాత్రం ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పోయిందట, అని చెప్పి ఊరుకున్నాడు.

ఇక మిగిలింది ఆ సాయంత్రం ఎక్కినంత. బుడ్డోడు అందులో వెతికితే ముందు ట్యూషన్ పిల్లల ప్రశ్నపత్రాలు వచ్చాయి, తర్వాత ఎవరివో ఫొటోలు సగం సగం, చివర్లో కొన్ని రికార్డింగులు. అవీ ముక్కలే. ఒకటి నొక్కాడు.

"ఈ రోజు ఆకాశం నిర్మలంగా ఉన్..." తర్వాత గరగర. ఇంకొకటి నొక్కాడు. ముందు బీరువా తలుపు చప్పుడు, ఆపైన టీచరమ్మ గొంతు: "ఒరేయ్ బుడ్డోడా, ఆ ఫ్యాను పూర్తిగా ఆపావా లేదా? ఏవండీ, మీరిప్పుడు లోపలికి రావడం అంత అవసరమా? ఇప్పుడే కదా చెప్పాను..." ఆ తర్వాత నవ్వు, నవ్వు మధ్యలో దగ్గు, అక్కడికి తెగిపోయింది.

సర్వేయరు బల్ల అంచు పట్టుకున్నాడు. అదే గొంతు. గదిలో ఆవిడే ఉన్నట్టు. తలెత్తితే నిజంగానే ఉంది. వంటింటి గుమ్మంలో చేతిలో గరిటెతో నిలబడి ఉంది. ఆవిడ మొహంలో ఏముందో ఆయనకు పోల్చుకోవడం చేతకాలేదు. ఫోన్ తీసి టైపు చేసింది.

"ఇది. చాలదు. కదా" అంది ఆ పరాయి అమ్మాయి.

"చాలదక్కా. చాలా కావాలంట, అన్నీ శుభ్రంగా ఉండాలంట. అడిగాను" అన్నాడు బుడ్డోడు. కంప్యూటర్ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆవిడ తలూపి లోపలికి వెళ్ళింది. స్టవ్ మీద ఏదో కలుపుతున్న చప్పుడు యథాప్రకారం వినిపించింది.

ఆ తర్వాత కూడా సర్వేయరు బల్ల ఖాళీ చెయ్యలేదు. ఊడదీసిన డొప్ప, స్క్రూల మూత, మిగిలిన బోర్డు అలాగే ఉంచి, సాయంత్రాలు దాని ముందు కూర్చుని ఫోన్‌లో ఇంకేమైనా పద్ధతులున్నాయేమో చదివేవాడు. ఒకరోజు టీచరమ్మ వచ్చి ఆయన చేతిలో ఫోన్ తీసి పక్కన పెట్టి, తన ఫోన్ ఆయన ముందు పెట్టింది. ఆ అమ్మాయి చేత పలికించలేదు. చదవమని చూపించింది.

"నా గొంతు పోయిందని నేను ఏడ్చాను, ఊరుకున్నాను. మీరు ఊరుకోవట్లేదు. ఇన్నాళ్ళూ మీరు ఆ డబ్బా దగ్గరే ఉన్నారు. నేను వారంవారం థెరపిస్టు దగ్గరికి వెళ్ళి ఏం నేర్చుకుంటున్నానో అడిగారా?"

ఆయన అడగలేదు. వెళ్తున్నదని తెలుసు. గాలి మింగి, దాన్ని పైకి తెచ్చి, దాంతో మాట్లాడే పద్ధతి ఒకటుందని ఎప్పుడో విన్నాడు. ఆవిడ స్నానాలగదిలో తలుపేసుకుని చేసే చప్పుళ్ళు కడుపులో బాగాలేక అనుకున్నాడు.

"ఏదీ, చెప్పు" అన్నాడు.

టీచరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. పెదాలు బిగించి గాలి మింగింది. తర్వాత నోరు తెరిచింది. తేన్పులాంటిది వచ్చింది, దాని లోపల ఎక్కడో ఒక మాట. ఆయన అర్థం చేసుకోవాలని ఆవిడ పెదాల వైపే గుచ్చి చూశాడు.

"నీళ్ళా?" అన్నాడు.

కాదని తలూపింది. మళ్ళీ మింగింది, మళ్ళీ అంది. మెడ నరాలు ఉబ్బాయి. గొట్టం దగ్గర గాలి ఈల వేసింది.

"వెళ్ళమనా? ఎక్కడికి?"

మూడోసారి అంది. ఆయనకు ఈసారి మొదటి అక్షరం కూడా చిక్కలేదు. అలసిపోతోందని భయం వేసి, "ఆఁ, ఆఁ, అర్థమైంది" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. అర్థం కాలేదని ఆవిడకు తెలిసింది. తెలిసిందని ఆయనకూ తెలిసింది. ఫోన్‌లో టైపు చేస్తుందేమో అనుకున్నాడు. చెయ్యలేదు. లేచి, ఆయన భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, ఉతికిన బట్టలు మడత పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఆయన లేచి వెనకాలే వెళ్ళాడు. మంచానికి అవతలి పక్క నిలబడి దుప్పటి రెండో కొస పట్టుకున్నాడు.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

ఆవిడ గాలి మింగింది.